నూట నలభై మూడు చుట్టూ ఒక సున్నా

చరిత్ర విభాగంలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ ఆవిడ ఫుట్‌నోటమ్మ. ఆ పేరు ముందు ఎవరి నోట వచ్చిందో తెలియదు కానీ, పేజీలో నాలుగు వరుసల విషయం రాసి, అడుగున ముప్పై వరుసల ఆధారాలు చీమల బారులా పేర్చే మనిషికి అంతకన్నా అతికిన పేరు దొరకదు. ఆవిడ ముందు కోపం తెచ్చుకుంది, తరవాత అలవాటు పడింది, చివరికి ఫోనెత్తి "ఎవరూ" అంటే "నేను ఫుట్‌నోటమ్మని" అనే దాకా వచ్చింది.

ఆవిడ చదివిందీ చెప్పిందీ విదేశాంగ విధాన చరిత్ర. అంటే ఏ దేశం ఏ దేశానికి ఏ రోజున ఏ ఉత్తరం రాసింది, అది ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు పడుంది, చదవాల్సినవాడు చదివాడా, చదివినట్టు సంతకం మాత్రం పెట్టాడా అనే సంగతులు. కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆవిడ భర్త దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. పక్కింటి గొడవలు చెవి ఒగ్గి వింటే తప్పు, పక్క దేశం గొడవలు వింటే డాక్టరేటు అనేవాడు. అయినా ఆవిడకు కావలసిన భూతద్దాలన్నీ తనే స్వయంగా నూరి ఇచ్చాడు, అది వేరే సంగతి.

ఆవిడ జీవితమంతా ఒక్క తంతి చుట్టూ తిరిగింది. ఆ కథ చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

యాభై ఎనిమిదేళ్ల కిందట సరిహద్దు నది మీది వంతెన ఎవరి అజమాయిషీలో ఉండాలని రెండు దేశాలు తగవు పడ్డాయి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల జవాబు రాకపోతే వంతెన మూసేస్తామని అవతలి దేశం గడువు పెట్టింది. మనసులో మాత్రం వాళ్లు దిగివచ్చారు, ఉమ్మడి కాపలాకు ఒప్పుకుంటామని మన రాయబారికి చెవిలో వేశారు. ఆ మాట మోసుకొచ్చిన రాయబారి తంతి ఫైల్లో భద్రంగా ఉంది. దాని మీది తేదీ మంగళవారం. అంటే గడువు దాటి ఒక రోజు. వంతెన మూసేశారు, పదకొండేళ్లు తెరవలేదు. సంబంధాలు తెగినప్పుడు అక్కడి కార్యాలయం కాగితాలన్నీ తగలబెట్టి మనవాళ్లు బయటపడ్డారు. రాయబారి ఉద్యోగం వదిలేసి, నేను సమయానికే పంపానని ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పుకుంటూ నాలుగేళ్లకు పోయాడు. ఆయన మాట నమ్మినవాడు లేడు. కాగితం మీద తేదీ ఉండగా మనిషి మాట ఎవడు వింటాడు?

ఈ చరిత్రను గ్రంథంగా రాసినవాడు పెద్దాయన. ఆ రంగానికి ఆయనే పెద్ద దిక్కు, ఫుట్‌నోటమ్మకు గురువు కూడాను. ఆయన పుస్తకంలో ఒక వాక్యం ఉంది: "రాయబారి నిద్రపోయాడు, వంతెన మూసుకుపోయింది." ఎంత చక్కటి వాక్యమో చూడండి. ఆ చక్కదనం వల్లే అది బడి పుస్తకాల్లోకి ఎక్కింది. వంతెన ఎందుకు మూతపడింది అని పరీక్షలో అడిగితే రాయబారి నిద్రపోవడం వల్ల అని రాసి రెండు మార్కులు తెచ్చుకోని పిల్లలు మన దేశంలో లేరు.

ఫుట్‌నోటమ్మకు ఇరవై ఎనిమిదో ఏట, పరిశోధన మొదలుపెట్టిన కొత్తల్లో, ఆదివారం నాటి ఇంకో తంతి కంటపడింది. దాని వరుస సంఖ్య 213. అందులో రాయబారి "నిన్న విన్నవించినదానికి జవాబు కోసం ఎదురుచూస్తున్నాను" అన్నాడు. ముందటి రోజు అంటే శనివారం. శనివారం తంతి ఏదీ? 211 శుక్రవారానిది ఉంది, 213 ఆదివారానిది ఉంది, 212 లేదు. ఆలస్యంగా వచ్చిన మంగళవారం తంతి వరుస సంఖ్య ఎంతో చూద్దామంటే, ఫైలు గుమాస్తా దారం కోసం కొట్టిన చిల్లు సరిగ్గా ఆ అంకె మీదే పడింది. కాగితం మీద అంత చోటుండగా ఆ మహానుభావుడికి చిల్లు కొట్టడానికి అదొక్కటే కనబడింది.

ఆవిడ పరిగెత్తుకుంటూ వెళ్లి పెద్దాయనకు చెప్పింది. "విన్నవించినది" అనడం రాయబారుల మాటతీరనీ, తప్పు కప్పిపుచ్చుకోవడానికి అలాంటివి రాస్తారనీ, 212 ఎక్కడో పోయిందనీ ఆయన తేల్చేశాడు. ఆ ఫైల్లోంచి చాలా కాగితాలు పోయాయని ఆయన ఏనాడో నిరూపించాడు కూడా. ఎలాగంటే, మంగళవారం తంతి మూలన పెన్సిలుతో 143 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. అది ఫైలు పేజీ సంఖ్య. కానీ ఫైల్లో ఉన్నవి తొంభై ఆరు కాగితాలే. కాబట్టి నలభై ఏడు పేజీలు ఎవరో మాయం చేశారు. "మాయమైన నలభై ఏడు పేజీలు" అని ఆయన రాసిన వ్యాసానికి అప్పట్లో బంగారు పతకం ఇచ్చారు. ఫుట్‌నోటమ్మ కూడా తన సిద్ధాంత గ్రంథంలో ఎనభై ఎనిమిదో ఫుట్‌నోటుగా "ఫైలు పేజీ 143" అని నిక్షేపంగా రాసుకుంది.

అక్కణ్ణుంచి ఇరవై ఆరేళ్లు. తాత్కాలిక ఉద్యోగాలు, సాయంత్రం కాలేజీలు, ఆ తరవాత అదే విభాగంలో కిటికీ లేని గది. పొమ్మనలేక పొగబెట్టడంలో విశ్వవిద్యాలయాలను మించినవి లేవు. ఆవిడకు ప్రతి ఏడూ పొద్దున ఎనిమిదింటి క్లాసూ, ఎవరికీ అక్కర్లేని కమిటీలూ వచ్చేవి. రాయబారి నిద్రపోలేదని రాసిన వ్యాసాలన్నీ అజ్ఞాత సమీక్షకుడి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేవి. ఆ అజ్ఞాతుడి ప్రతి సమీక్షా "సాహసం మెచ్చదగ్గదే గానీ" అని మొదలయ్యేది. పెద్దాయన క్లాసులో కూడా అలాగే మొదలుపెట్టేవాడని తెలియనివాళ్లు లేరు. ప్రొఫెసర్ పదవికి రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ వెనక్కి పంపారు. ఆఖరికి ఆ వ్యాసాలన్నీ కలిపి పుస్తకమే రాసింది. ప్రచురణకర్తలు దాన్ని కూడా పెద్దాయనకే పంపారు. "సాహసం మెచ్చదగ్గదే గానీ, ఆధారం ఒక్కటీ లేదు" అని వచ్చింది.

ఇప్పుడు మూడోసారి పిలుపు వచ్చింది. యాభై అయిదు దాటితే దరఖాస్తు చెయ్యకూడదని నియమం. ఆవిడకు యాభై అయిదు నిండడానికి అయిదు వారాలుంది, ఇంటర్వ్యూకు మూడు వారాలు. బయటి నిపుణుడిగా వచ్చేది ఎనభై ఒక్క ఏళ్ల పెద్దాయన. అంటే ఈసారి కూడా ఆధారం చూపించలేకపోతే పదవీ పోతుంది, పుస్తకమూ పోతుంది, రాయబారి శాశ్వతంగా నిద్రపోతాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

సరిగ్గా అప్పుడే అత్తగారు వచ్చింది. పెద్దకొడుకు దగ్గర ఉండే ఆవిడకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను చేయించారు. కళ్లజోళ్ల కొడుకు ఇంట్లో ఉంటే నయమని తీసుకొచ్చారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి కొత్త చూపు వచ్చేసరికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. పదేళ్లుగా చదవలేనివన్నీ ఒక్కసారిగా చదవడం మొదలుపెట్టింది. సబ్బు మీది అక్షరాలు, మందు సీసా లోపలి చీటీ, బస్సు టిక్కెట్టు వెనక నిబంధనలు, ఏదీ వదల్లేదు. మూడో రోజుకి ఇంట్లో అక్షరం ఉన్న వస్తువు అయిపోయింది. నాలుగో రోజు పొద్దున కోడలి గదిలోకి వెళ్లింది.

కోడలు స్నానం చేసి వచ్చేసరికి అత్తగారు బల్ల ముందు కుర్చీలో కూర్చుని, మంగళవారం తంతి ఫోటో నకలు ఎత్తి పట్టుకుని చూస్తోంది. ఫుట్‌నోటమ్మకు ప్రాణం ఉసూరుమంది. తన కాగితాలు ముట్టుకుంటే ఆవిడకు ఒళ్లు మండుతుంది, కానీ అత్తగారిని ఏమంటుంది? వరసలు తారుమారవుతాయి అత్తయ్యా, అని మర్యాదగా నసిగింది. అత్తగారు ఆ మాట విననే లేదు.

"అమ్మాయ్, ఇది మళ్లీ పంపించుకున్నది కదూ?" అంది.

"ఏది మళ్లీ పంపించుకున్నది?"

"ఈ తంతి. మొదటిసారి సగంలో తెగిపోయుంటుంది. ఇది రెండోసారిది. చూడు, ఇక్కడ సున్నా చుట్టారు."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అత్తగారు ముప్పై ఒక్క ఏళ్లు తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఆ సంగతి పెళ్లి చూపుల నాడే కోడలికి తెలుసు. తెలిసి, పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఆఫీసులో మీరేం చేసేవారు అత్తయ్యా అని అడిగిన పాపాన పోలేదు. ప్రపంచంలోని రాయబారులందరి దినచర్యా నోటికి వచ్చిన మనిషికి, ఇంట్లో మనిషి ఉద్యోగం సంగతి మాత్రం పట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అని ఊరికే అనలేదు.

ఫుట్‌నోటమ్మ తడి తలతోనే నేల మీద కూర్చుంది. అత్తగారు మెల్లగా చెప్పుకొచ్చింది. రహస్య తంతులు అక్షరాల్లో రావు, అయిదేసి అంకెల గుంపులుగా వస్తాయి. మొత్తం ఎన్ని గుంపులో పంపినవాడు మొదటే చెబుతాడు. అందుకున్న ఆపరేటరు లెక్క చూసుకుంటాడు. తగ్గితే తీగ మధ్యలో ఎక్కడో మింగేసిందన్న మాట. మామూలు తంతైతే మళ్లీ పంపమని తనే అడగొచ్చు. సర్కారువారి రహస్య తంతిని మాత్రం, ఆ శాఖ అధికారి సంతకం లేకుండా అడగకూడదు. సంతకం వచ్చాక అడుగుతారు, అవతలివాడు కొత్త తేదీ వేసి మళ్లీ పంపుతాడు, మొదటి తునక కాల్చేస్తారు. రెండోది పూర్తిగా అందితే లెక్క వేసి, ఆ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుడతారు. ఒక్కటీ పోలేదు, అన్నీ అందాయని దాని అర్థం. ఆపరేటరయిన ప్రతివాడూ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్చుకునే గుర్తు అది.

"అయితే ఇది పేజీ నంబరు కాదా?" అంది కోడలు.

"పేజీ నంబరుకు సున్నా చుట్టడమేంటి? ఎవరన్నారు?"

ఎవరన్నారు! బంగారు పతకం తెచ్చుకున్నవాడన్నాడు. ఎనభై ఎనిమిదో ఫుట్‌నోటు అంది. ఫుట్‌నోటమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి. చరిత్రకారుడికి మాత్రమే చేతనయిన తప్పు అది. తొంభై ఆరు కాగితాల ఫైల్లో 143 అన్న అంకె కనబడితే, మామూలు మనిషి ఇది పేజీ సంఖ్య కాదేమో అనుకుంటాడు. చరిత్రకారుడు నలభై ఏడు పేజీలు పోయాయనుకుంటాడు. పోయిన కాగితం అంటే వాళ్లకు అంత ఇష్టం. ఏ పేజీలూ పోలేదు. 212 కూడా పోలేదు. వెతుకుతున్న శనివారం తంతీ, తిడుతున్న మంగళవారం తంతీ ఒక్కటే.

కానీ అత్తగారి మాట ఆధారం అవుతుందా? పెద్దాయన ముందు పెడితే, సాహసం మెచ్చదగ్గదే గానీ అంటాడు. కోడలు నీరసపడుతుంటే అత్తగారు విసుక్కుంది. మళ్లీ పంపమని అడిగిన ప్రతిసారీ రిజిస్టరులో ఎక్కిస్తారట, ఏ గంటకు తెగింది, ఎవరికి కబురు పెట్టాం, వాళ్లు ఎప్పుడు సంతకం పెట్టారు, అన్నీను. రేపు మాట ఆపరేటరు మీదికి రాకుండా అదే వాళ్లకు కవచమట. ఆ రిజిస్టర్లు విదేశాంగ శాఖవి కావు, తంతి శాఖవి. ఫుట్‌నోటమ్మ ఇరవై ఆరేళ్లుగా విదేశాంగ శాఖ రికార్డుల గదిలోనే కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. తంతి రాసినవాణ్ణి వెతికింది, అందుకున్నవాణ్ణి వెతికింది. మధ్యలో మోసినవాడు ఒకడుంటాడని ఆవిడకే కాదు, ఆ రంగంలో ఎవరికీ తోచలేదు.

తంతి శాఖ మూతబడి చాలా కాలమైంది. దాని పాత సామానంతా ఊరి చివర ఒక శిక్షణ కేంద్రం వెనక గోదాములో ఉందని అత్తగారి పాత సహోద్యోగిని ఫోనులో చెప్పింది. మర్నాడు అత్తాకోడళ్లిద్దరూ బస్సెక్కారు. గోదాము కాపలాదారు వీళ్లను ఎగాదిగా చూశాడు. సినిమావాళ్లు పాత యంత్రాలు అద్దెకు తీసుకోవడానికి వస్తుంటారు గానీ, రిజిస్టర్ల కోసం ఎవరూ రాలేదని, ఎలకలు తప్ప వాటిని చదివినవాళ్లు లేరని అన్నాడు. అత్తగారు తన గుర్తింపు కార్డు తీసి చూపించింది. ముప్పై ఏళ్ల కిందటి ఫోటో. ఆయన లేచి నిలబడి తాళం తీశాడు.

వరసగా తొమ్మిది రోజులు వెళ్లారు. రిజిస్టర్లు సంవత్సరాల వారీగా లేవు, బరువు వారీగా ఉన్నాయి, పెద్దవి కిందా చిన్నవి పైనా. కోడలు దుమ్ము దులిపి దించేది, అత్తగారు అట్ట తెరిచి రెండు పేజీలు చూసి ఇది కాదనేది. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకునేవారు. ఆ తొమ్మిది రోజుల్లో కోడలు పాతికేళ్ల ప్రశ్నలన్నీ అడిగేసింది. అత్తగారు ఒకసారి ఎన్నికల ఫలితాల రోజు పద్నాలుగు గంటలు కుర్చీలోంచి లేవలేదట. ఎవరిదో చావు కబురు తీసుకుని, అది చేరేలోపు వాళ్లింట్లో ఇంకా నవ్వుకుంటూ ఉంటారని తలచుకుని ఏడ్చిందట. ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదేం అని కోడలు అడిగితే, అడిగితే కదా అంది. కోడలికి సిగ్గేసింది, ఆ మాట పైకే చెప్పింది. అత్తగారు ఇంకో కప్పు టీ పోసింది.

పదో రోజు పదకొండింటికి అత్తగారు ఒక పేజీ మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఆ వేలు మళ్లీ తియ్యలేదు. కోడలే వచ్చి చూసింది.

శనివారం, సాయంత్రం నాలుగూ పది. రాయబారి నుంచి విదేశాంగ శాఖకు, సంఖ్య 212. చెప్పినవి 143, వచ్చినవి 90. మళ్లీ పంపమని అడగడానికి అనుమతి కోరుతూ విదేశాంగ శాఖ సంకేతాల గదికి నాలుగూ ఇరవైకి మనిషిని పంపాం. గదికి తాళం, శనివారం ఒంటిపూట. ఆదివారం రెండుసార్లు పంపాం, తాళం. సోమవారం పొద్దున పదింటికి చీటీ ఇచ్చాం. సంతకం అయినది మధ్యాహ్నం రెండున్నరకు. మంగళవారం ఉదయం ఆరూ నలభైకి మళ్లీ అందింది. 143. చుట్టూ సున్నా.

గడువు సోమవారం మధ్యాహ్నం పన్నెండు.

ఫుట్‌నోటమ్మ ఆ వరుసలు నాలుగుసార్లు చదివింది. చీటీ నాలుగున్నర గంటలు ఏ బల్ల మీద పడుందో, ఆ బల్ల వెనక ఎవరు కూర్చున్నారో రిజిస్టరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. నిద్రపోయింది రాయబారి కాదు, ఆయన ఎవరికైతే రాశాడో ఆ ఆఫీసు. చచ్చిపోయే దాకా ఆ ముసలాయన చెప్పినది అక్షరాలా నిజం. ఆవిడ అత్తగారి భుజం మీద తల పెట్టి బావురుమంది. దుమ్ముకు తుమ్మొచ్చి ఏడుపు ఆగింది.

ఇంటర్వ్యూ గది పొడుగ్గా ఉంటుంది. బల్లకు అటు చివర వైస్ చాన్సలరు, పక్కన ఇద్దరు సభ్యులు, కిటికీ దగ్గర పెద్దాయన. ఆయన ముందు ఆవిడ పుస్తకం రాతప్రతి, దాని మీద తన సమీక్ష. ఇంతకు ముందు రెండుసార్లూ ఆవిడ ఈ కుర్చీలోనే కూర్చుని నీళ్లు నమిలింది. ఈసారి ఒంటి మీద నీలం చీర, చేతిలో ఒక్క పలచటి కవరు.

వైస్ చాన్సలరు మామూలు ప్రశ్నలేవో అడిగాడు. తరవాత పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, ఇరవై ఆరేళ్లుగా ఒకే మాట అంటున్నావు. నేనూ ఒకే మాట అడుగుతున్నాను. ఆధారం ఏది?"

ఆవిడ లేచి వెళ్లి రిజిస్టరు పేజీ ధ్రువీకరించిన నకలు ఆయన ముందు పెట్టింది. దాని పక్కన మంగళవారం తంతి నకలు పెట్టింది. భర్త నూరిచ్చిన భూతద్దం కూడా పెట్టి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఆయన చదివాడు. భూతద్దం తీసుకుని మళ్లీ చదివాడు. వైస్ చాన్సలరు ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. చివరికి తలెత్తాడు.

"ఈ నూట నలభై మూడు పేజీ నంబరని ముందు రాసింది నేనే కదూ?"

"మీరే సార్. రెండోసారి రాసింది నేను. నా సిద్ధాంత గ్రంథంలో ఎనభై ఎనిమిదో ఫుట్‌నోటు. మిమ్మల్ని చూసి రాయలేదు, నేనూ అలాగే అనుకున్నాను."

ఈ మాట అనకపోయినా ఆవిడకు ఏ నష్టమూ లేదు. ఆయన్ని అక్కడికక్కడ కడిగి ఆరేయొచ్చు, ఇరవై ఆరేళ్ల కసి తీర్చుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. వచ్చేటప్పుడు దారి పొడుగునా అదే ఊహించుకుంది కూడా. తీరా చూస్తే నోట్లోంచి నిజం వచ్చింది. నిజం చెప్పడం అలవాటైపోయినవాళ్లకు ఇదే చిక్కు.

"ఇది నీకు చదవడం ఎవరు నేర్పారు?"

"మా అత్తగారు. తంతి ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చేశారు."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ వాక్యం రాసేనాటికి నాకు ముప్పై నాలుగేళ్లమ్మా. రాయబారి నిద్రపోయాడు, వంతెన మూసుకుపోయింది. రాసి, పైకి చదువుకుని మురిసిపోయాను. అంత బాగా కుదిరిన వాక్యాన్ని ఇంకోసారి అనుమానించాలని అప్పుడు తెలీదు. తరవాత తెలిసినా మనసు రాలేదు."

అని, కలం తీసి తన సమీక్ష మీద అడ్డంగా గీత గీశాడు. కింద ఏదో రాసి, సంతకం పెట్టి, వైస్ చాన్సలరు వైపు తోశాడు. నాకు ఇంకేం ప్రశ్నలు లేవు అన్నాడు. ఆవిడ తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచి, ఆ భూతద్దం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆవిడ దుకాణం చిరునామా చెప్పింది.

విభాగంలో కబురు ఆవిడ కన్నా ముందే మెట్లు దిగింది. కిటికీ లేని గది ముందు విద్యార్థులు గుమిగూడారు. పొద్దున ఎనిమిదింటి క్లాసు వాళ్లు, నిద్రకళ్లతో ఆవిడ పాఠం విన్నవాళ్లు, ఆవిణ్ణి చూడగానే చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లూ ముఖం తిప్పుకున్న సహోద్యోగులు, మాకు ముందే తెలుసు అన్నారు. ఆవిడ అందరికీ దణ్ణాలు పెట్టి, బస్సెక్కి నిలబడి ఇంటికొచ్చింది. కూర్చోవడానికి సీటున్నా కూర్చోబుద్ధి కాలేదు. యాభై నాలుగేళ్ల పదకొండు నెలల వయసులో, పట్టపగలు, నడిచే బస్సులో ఆవిడకు గంతెయ్యాలనిపించింది.

పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. మొదటి ముద్రణ మూడు నెలల్లో అయిపోయింది. బడి పుస్తకంలో వంతెన పాఠం మార్చారు. కొత్త వాక్యం ఏమంత అందంగా లేదు, రెండింతలు పొడుగ్గా ఉంది, పిల్లలు తిట్టుకుంటూ బట్టీ పడుతున్నారు. రాయబారి మనవరాలు ఎక్కడినుంచో వెతుక్కుంటూ ప్రొఫెసర్ గదికి వచ్చింది. ఆ గదికి రెండు కిటికీలున్నాయి. ఆ పిల్ల పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, మా అమ్మ ఉండగా వస్తే బాగుండేదని మాత్రం అంది. ఆ పూట ఆవిడ క్లాసు రద్దు చేసుకుని ఆ అమ్మాయితో కూర్చుంది.

అయితే మొదటి ప్రతి అందుకున్నది వీళ్లెవరూ కాదు. ప్రెస్సు నుంచి కట్ట వచ్చిన సాయంత్రమే, తాడు విప్పి పైది తీసి, ఫుట్‌నోటమ్మ అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారు అట్ట చూసింది, వెనక అట్ట చూసింది, ధర చూసి కనుబొమలెగరేసింది. తరవాత పుస్తకం తిరగేసి, కోడలు కాగితం ముక్క పెట్టి ఉంచిన చోట ఆగింది. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది:

"143 అన్నది ఫైలు పేజీ సంఖ్య కాదు, మళ్లీ పంపించుకున్న తంతి పూర్తిగా అందిందని ఆపరేటరు వేసిన గుర్తు. ఇది నాకు చదవడం నేర్పింది మా అత్తగారు. అంతకు ముందు నేను రాసింది తప్పు."

అత్తగారు చదివింది. బల్ల మీద పెన్సిలు కోసం తడుముకుని, దాని మొనతో మొదటి మాట నుంచి ఒక్కొక్కటే తాకుతూ, పెదవులు కదుపుతూ చివరి దాకా వెళ్లింది. అనుమానమొచ్చినట్టు మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి వెళ్లింది. అప్పుడు పక్కనున్న ఖాళీలో 25 అని వేసి, దాని చుట్టూ శ్రద్ధగా సున్నా చుట్టింది.

"ఒక్కటీ పోలేదమ్మాయ్" అంది పుస్తకం తిరిగిస్తూ. "అన్నీ అందాయి."